గద్దకు కనబడని కోడిపిల్లలు

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే చాలా రోజులు పట్టింది.

పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన అరవై అయిదులో నేను జగ్గయ్యపేటలో కొత్త కోడలిని. మా అత్త ఆదెమ్మ కోడిపిల్లల్ని గద్ద ఎత్తుకుపోతుండేది. కాపలా నాది. మూడో పిల్ల పోయిన రోజున అత్త తేల్చి చెప్పింది.

"ఇంకొక్కటి పోయిందా, క్రిస్మస్‌కి నువ్వు నందిగామ పోయేది లేదు."

నందిగామ మా పుట్టిల్లు. పెళ్లయ్యాక అది మొదటి క్రిస్మస్.

అప్పుడే మా మరిది స్తెఫను సెలవు మీద వచ్చాడు. ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలకు రంగులు వేసేవాడు. నా ఏడుపు మొహం చూసి సంగతి అడిగాడు. విని నవ్వాడు.

"ఇంతేనా వదినా. యుద్ధంలో మెరిసే విమానాలకి మట్టిరంగు పూసి దాచాం. పైనుంచి చూసినోడికి నేలే కనబడాలి. కోడిపిల్ల ఒక లెక్కా?"

"అయితే ఇంకెవరూ కనిపెట్టలేరా?"

"రాడార్ అని ఒక యంత్రం ఉంది. దానికి రంగుతో పనిలేదు. అది పంపిన తరంగం విమానానికి తగిలి వెనక్కొస్తే పట్టేస్తది. గద్దకి అది లేదులే."

ఎర్రమట్టి, బూడిద, పొయ్యిమసి గంజిలో కలిపాడు. మెరుపు పనికిరాదంటూ వేలికి రాసుకుని ఎండలో పట్టి చూశాడు. నేను పిల్లల్ని పట్టుకుంటే అతను వీపులకు పూశాడు. తర్వాత పొట్టలకని బట్టల నీలిమందు తీశాడు.

"పొట్టకెందుకయ్యా?"

"కిందనుంచి చూస్తే ఆకాశంలో కలిసిపోవాలి వదినా. అది పద్ధతి."

"కోడిపిల్లని కిందనుంచి ఎవరు చూస్తారు?"

"చీమలు," అన్నాడు, చెయ్యి ఆపకుండా.

పూత ఆరింది. గద్ద వచ్చింది. పెరటి మీద చుట్టూ తిరిగి, ఏమీ దొరక్క పోయింది. మేమిద్దరం మురిసిపోయేలోపే తల్లికోడి రెక్కలు విదిల్చి తన పిల్లల్నే పొడిచి తరిమింది. అవి తలోమూలా నక్కి మట్టిలో మట్టయ్యాయి.

అత్త చేలోంచి వచ్చేసరికి పెరట్లో కోడి ఒక్కటే ఉంది.

"మొత్తం పోయాయా? పెట్లో సర్దుకున్న చీరలు బయట పెట్టు."

"ఉన్నాయత్తా."

"ఏవీ?"

చూపించబోతే నాకూ కనబడలేదు. స్తెఫను వంగి వంగి వెతికాడు. పూసినవాడికీ కనబడలేదు. నూకలు తెచ్చి "బా బా బా" అంటూ చల్లాను. నేల అక్కడక్కడా లేచి నడిచొచ్చింది. కోడి మళ్లీ పొడవబోతే ఒక పిల్ల అత్త పాదమెక్కింది. ఆమె దాన్ని ఎత్తి, తిప్పి, నీలి పొట్ట చూసింది.

"కన్నతల్లికే తెలియని రంగేందిరా స్తెఫనూ?"

పిల్లలన్నిటినీ పోగేసి, కోడితోపాటు గంప కింద మూసి, పైన గోనె కప్పింది. లోపల చీకటి. పిల్లలు కియ్ కియ్ మన్నాయి. కాసేపటికి కోడి గొంతు మెత్తబడింది. దగ్గరకు పిలుచుకుంది.

"రాడార్ గంపలో ఉంది వదినా," అని గొణిగాడు స్తెఫను.

"ఏందిరా?"

"ఏం లేదమ్మా."

తెల్లారి గంప ఎత్తితే కోడి ఒక్కదాన్నీ పొడవలేదు. నా నందిగామ ప్రయాణం ఖాయమైంది. కాకపోతే రంగు పోయేదాకా కాపలా స్తెఫనుదేనని అత్త తీర్పు చెప్పింది. నేను పెట్టె పట్టుకుని బయల్దేరుతుంటే ఎయిర్‌ఫోర్స్ మనిషి పెరట్లో కర్రతో నిలబడి ఆకాశం చూస్తున్నాడు.

జీవరత్నం, డెబ్బై ఆరేళ్లు. ఇప్పుడు మా చిన్నమ్మాయి దగ్గర వత్సవాయిలో ఉంటున్నాను.