తార్జో తల మోగిన రోజులు

ఆ రోజుల్లో క్లాటెన్ పట్నం దగ్గర మా ఊరికి తెల్లారడమంటే తార్జో టెంపే బుట్టతో వీధిలోకి రావడమే. పులిసి గట్టిపడ్డ సోయా గింజల్ని అరటాకుల్లో చుట్టి, గుమ్మం గుమ్మానికీ ఇచ్చి వెళ్లేవాడు. ఒక్కరితో అయితే బాగానే మాట్లాడేవాడు. నలుగురూ తనవైపు చూశారంటే మాత్రం తలలో గమెలాన్ మేళంలోలా కంచు గంటలూ, గిన్నెలూ మోగేవి. పక్కవీధికి కూడా వినపడేవి.

"తార్జోని ఎవరో లేపి నిలబెట్టినట్టున్నారు" అనుకుని జనం మళ్లీ పనిలో పడేవారు. ఓసారి డాక్టరమ్మ అతని తలకి చెవి ఆనించి, మెదడులో భయం పుట్టేచోటే ఈ గొడవంతా అని చెప్పి జ్వరం మాత్ర ఇచ్చింది. బళ్లో పంతులుదీ, మసీదు దగ్గర పెద్దలదీ ఒకటే మాట: "సర్లే, కూర్చో నాయనా." కూర్చోగానే మోత ఆగేది. అలా కూర్చునే ముప్పై దాటించాడు.

తండ్రి పోయాక తమ్ముడు గియోనోకి సంబంధం కుదిరింది. పిల్లనడగడానికి వెళ్తే ఇంటి పెద్ద లేచి మాట్లాడాలి.

"పక్కింటి మామని అడగమందాంరా."

"నువ్వుండగా మామెందుకన్నా? మోగితే మోగనీ."

ఆడపెళ్లివారి చావడిలో తార్జో లేచాడు. మోతకి టీ గ్లాసులు వణికాయి, కోళ్లు పెరట్లోకి పారిపోయాయి. పిల్ల తండ్రి జాలిపడి, "పర్లేదు బాబూ, కూర్చో" అనబోయాడు.

"ఉండన్నయ్యా" అంది వంటింట్లోంచి వచ్చిన ఆయన చెల్లెలు సుమిని. తన పెళ్లి మాటెత్తితే నవ్వేసి తప్పించుకునే మనిషి. "ఎప్పుడూ మధ్యలోనే కూర్చోబెట్టేస్తారు. ఆ వాయింపేదో పూర్తవనివ్వండి."

అందరూ టీ తాగుతూ విన్నారు. ముందు పెద్ద గంట ఆగింది. తర్వాత చిన్న గిన్నెలు, వాన వెలిశాక చూరు నీళ్లలా, ఒక్కొక్కటే. చివరికి నిశ్శబ్దం. తార్జో ఇంకా నిలబడే ఉన్నాడు.

"మా నాన్న ఉంటే ఆయనే అడిగేవాడు" అన్నాడు మెల్లగా. "మీ అమ్మాయిని మా ఇంటికి పంపండి. మావాడికి కోపం ఎక్కువే, కానీ వంట బాగా చేస్తాడు."

చావడి అంతా నవ్వింది.

తమ్ముడి పెళ్లి విందులో, ఇరువైపులవాళ్లూ చూస్తుండగా, తార్జో సుమిని ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"నన్ను చేసుకుంటారా?"

ఒక్క గిన్నె కూడా మోగలేదు.

"అదేంటి, మోగలేదు?" అంది సుమిని అనుమానంగా. "నాతో వేళాకోళమా?"

"అయ్యో, లేదండీ..." తార్జో కంగారుపడ్డాడు. అంతే, గిన్నెలన్నీ ఒక్కసారే అందుకున్నాయి.

సుమిని పక్కనున్న బల్ల మీద తీరిగ్గా కూర్చుంది.

"కానివ్వండి" అంది. "నాకేం తొందర లేదు."