తట్ట మోసిన తల

ఇలా వచ్చి నా వెనక కూర్చోవే చిట్టితల్లీ. దువ్వెన మెల్లగా పెట్టు. నడినెత్తిన మాత్రం వదిలెయ్యి, అక్కడ దువ్వడానికి ఏముంది గనక. నవ్వుతున్నావా, నవ్వు. మీ తాతా నవ్వేవాడు, "నీ నెత్తిన చందమామ పొడిచాడే, ఇంట్లో దీపం అక్కర్లేదు" అని. అరచేయంత ఆ బోడి ఎలా వచ్చిందో మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడగడం దేనికి, తెలిసిందేగా. మొన్నమొన్నటిదాకా మీ అమ్మే నా తల దువ్వేది. నెల రోజులుగా ఎందుకు దువ్వట్లేదని నిన్న అడిగావు కదూ. చెప్తాను, చెయ్యి ఆపకుండా విను.

నేను ఈ దీవికి కాపురానికి వచ్చేసరికి మన ఇంటి వెనక నేలన్నదే లేదు, మోకాటిలోతు ఉప్పు బురద. మీ తాత చేపల వేటకి పోతే వారానికి గానీ తిరిగొచ్చేవాడు కాదు. మా అత్తగారూ నేనూ నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, దిబ్బ దగ్గర్నుంచి తట్టలతో మట్టి మోసుకొచ్చి పోశాం. పొద్దున వంట, తర్వాత మట్టి, ఇంటికొచ్చి అంట్లు, మళ్ళీ మట్టి. ఏడేళ్ళు. మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు కూడా మోశాను. మా అత్తగారు నా తట్టలోంచి రెండు దోసిళ్ళు తీసి తన తట్టలో వేసుకునేది. సముద్రం పోటెత్తి సగం ఊడ్చుకుపోయేది, మళ్ళీ పోసేవాళ్ళం. చివరికి ఉప్పు విరిగి గడ్డి మొలిచింది, గడ్డి తర్వాత కూరగాయలు పండాయి. బురదలో మొలిచింది గానీ మా ఇద్దరి నడినెత్తిన మాత్రం ఇక ఏదీ మొలవలేదు.

అప్పుడు దీవిలో భూములు కావాలంటూ దిగింది ఒక కంపెనీ. దీవంతా ఎవరిదీ కాని బీడు అని వాళ్ళ చేతిలో కాగితం. ఊరంతా ఒక్కటై మూడు నెలలు రేవుకి అడ్డంగా కూర్చున్నాం. ముందు వరసలో ఆడవాళ్ళం, ఆడవాళ్ళ మీద లాఠీ లేవదని ఊరి కమిటీ అన్నది. కమిటీ అంటే మగవాళ్ళే. లాఠీ లేచిందనుకో, అది వేరే సంగతి. ఆఖరికి సర్కారే దిగొచ్చి, బురదని నేల చేసింది ఎవరైతే వాళ్ళ పేరనే రాస్తామంది. ఆ రోజు నేను గెలిచాననే అనుకున్నాను.

అధికారి మన వసారాలో కుర్చీ వేసుకుని, "ఈ చేను చేసింది ఎవరు?" అన్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. మీ తాత గొంతు సవరించుకుని "నేనేనండి" అన్నాడు. తడబడనైనా లేదు. అధికారి మా అత్తగారి వైపు తిరిగి "నిజమేనా పెద్దమ్మా?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడేళ్ళు నాతో మోసిన మనిషి కదా. ఆవిడ కొంగు నెత్తి మీదకి లాక్కుని, "మా అబ్బాయేనండి, ఒంటిచేత్తో చేశాడు" అంది.

మొగుడి అబద్ధం ఎలాగో మింగాను. ఇది మాత్రం మింగుడు పడలేదు. వంటింట్లో అడిగితే, "పేరులో ఏముందే, వాడిదైతే మనది కాదా?" అంది. అది మనదిగా ఉన్నది రెండేళ్ళే. మూడో ఏడు ఒకరోజు పొద్దున వంకాయలు కోద్దామని వెళ్తే చేను చుట్టూ ముళ్ళకంచె. మీ తాత మోటారు పడవ కోసం కంపెనీకి రాసిచ్చేశాడు. అడిగితే "నీకెందుకే ఆ సంగతులు, పొయ్యి మీద ఏముందో చూసుకో" అన్నాడు. మా అత్తగారు కంచె పట్టుకుని నా వైపు చూసింది. నేను చూడలేదు. పోయేదాకా ఆవిడకి అన్నం పెట్టాను, నీళ్ళు పోశాను, మాట మాత్రం కలపలేదు.

ఇక అసలు సంగతి. మీ అమ్మ ఈ ఇంటికొచ్చాక ఉత్తరం పక్క బురదలో మళ్ళీ మొదలుపెట్టింది. పదేళ్ళు మోసింది. మోకాళ్ళు ఆడినన్నాళ్ళు నేనూ వెనకే మోశాను. ఈ మధ్య మీ అమ్మ పాపిడి పక్కకి తీస్తోంది చూశావా, అందుకే. ఆ చేను మీద కంపెనీ మళ్ళీ కన్నేసింది, సర్కారు మళ్ళీ మనిషిని పంపింది. పోయిన నెల అదే వసారా, అదే ప్రశ్న. గుమ్మంలో టీ గ్లాసులతో మీ అమ్మ. మీ నాన్న "నేనే" అన్నాడు. వచ్చినాయన నా వైపు తిరిగాడు. చెప్పాల్సిన మాట నలభై ఏళ్ళుగా నా నోట్లో నానుతోంది చిట్టీ. అది బయటికి రాలేదు. నలుగురిలో కొడుకు చిన్నబోతాడేమో అనిపించింది, అంతే. కొంగు నా నెత్తి మీదకి ఎప్పుడొచ్చిందో నాకే తెలీదు. "మా అబ్బాయేనండి" అన్నాను.

మీ అమ్మ ఒక గ్లాసు నా చేతికిచ్చి, "చల్లారిపోతుంది అత్తయ్యా, తాగండి" అంది. ఆ రోజు నుంచి నా తల ముట్టుకోలేదు. నిన్న మీ నాన్న ఫోన్లో కంపెనీ మనిషితో "మా ఇంట్లో కాదనేవాళ్ళు ఎవరూ లేరు సార్, సంతకం పెట్టేస్తాను" అంటుంటే విన్నాను.

రేపు పొద్దున బడిలో ఊరందరి ముందు ఏ చేను ఎవరి పేరనో చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్ళని లేవమంటారు. నేను లేస్తాను. కొంగు కప్పుకోను. మీ అమ్మ ఒప్పుకుంటే ఇద్దరం పక్కపక్కన తలలు వంచి చూపిస్తాం. మీ నాన్న తల కూడా చూడమంటాను, దువ్వెన దిగనంత ఒత్తు.

కానీ నా నోరు నాకు తెలుసు, మళ్ళీ మోసం చేసినా చేస్తుంది. అప్పుడు నువ్వు లేచి, విన్నది విన్నట్టు చెప్పు. మా అత్తగారి సంగతి చెప్పు, నా సంగతీ చెప్పు, నానమ్మ కదా అని దాచకు. రేపటితో ఆపెయ్యకు, నీ తల ఎవరు దువ్వితే వాళ్ళకీ చెప్పు. ఏదీ, ఇలా నా ముందుకొచ్చి నన్నే ఆ అధికారి అనుకో. ఈ చేను చేసింది ఎవరు?