కుచ్చులూడిన రోలరు

మా రెండోవాడు చేసిన బ్రష్షు కొన్నవాళ్ళు మళ్ళీ వాడి షెడ్డు గుమ్మం తొక్కేవారు కాదు. బాగాలేక కాదు, అది అరిగి చావదు. చెక్కకు బెజ్జాలు వేసి, ఒక్కో బెజ్జంలో కుచ్చు దూర్చి, వెనకనుంచి తీగతో బిగించేవాడు. ఏనుగు లాగినా ఊడదని వాడి గొప్ప. ఇంతలో పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళ ప్లాస్టిక్ బ్రష్షులు వచ్చిపడ్డాయి. అరిగితే పారేయడం, ఇంకోటి కొనుక్కోవడం. జనానికి అదే హాయిగా ఉంది.

వీడు ధర తగ్గించాడు. వాళ్ళు ఇంకా తగ్గించారు. పొట్టేలు పోయి కొండను ఢీకొన్నట్టయింది. చివరికి బెజ్జాలు వేసే మెషీను అమ్మేసి, షెడ్డును నెలాఖరుకు గోడౌను కోసం ఒకాయనకు అద్దెకిచ్చి, ఆ ఫ్యాక్టరీలోనే పనికి కుదురుతానన్నాడు.

"మంచి సరుకుకు రోజులు పోయాయమ్మా."

"సరుకు సంగతి సరే, మీరెప్పుడైనా షెడ్డు దాటి చూశారా?" అంది వాడి పెళ్ళాం.

"ఊరేగడానికి నేనేం పెళ్ళికొడుకునా?"

"అయితే నేనే ఊరేగుతాలెండి."

నా చిన్నకోడలి కాళ్ళకు చక్రాలుంటాయి. సంచిలో నాలుగు బ్రష్షులు వేసుకుని బయల్దేరింది. సాయంత్రానికి, ఒక్కటీ అమ్మకుండానే, మొహం చేటంత చేసుకుని వచ్చింది. చంకలో బారెడు రోలరు. సగం కుచ్చులూడి బోడిగుండులా ఉంది.

బిస్కెట్లు చేసేచోట మెషీనులో పిండి దులిపే రోలరట అది. పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళను అడిగితే, వందల్లో అయితే చేస్తాం, ఒక్కదానికోసం మెషీను తిప్పం అన్నారట. పాపం, బిస్కెట్లవాళ్ళ పని అంతా ఆగిపోయింది.

"దీనికి కుచ్చులు వేసి రేపు మధ్యాహ్నానికి ఇస్తామని చెప్పొచ్చాను."

వాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఎవడో చేసిన చెక్కకు నేను కుచ్చులు వేయాలా? పాత గొడుగులు బాగుచేసేవాడిననుకున్నావా?"

"గొడుగులవాడికి వానపడితే పని దొరుకుతుంది. మీరు ఏ వానకోసం చూస్తున్నారు?"

"అమ్మా, విన్నావా నీ కోడలి మాటలు?"

"విన్నాను. నువ్వు రోలరు చూడు," అన్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య అంతకంటే దూరితే మన పరువే పోతుంది.

గొణుక్కుంటూనే కూర్చున్నాడు. తీరా చేయి పెట్టాక, తన దగ్గరున్న గట్టి కుచ్చులు తీశాడు. కోడలు ఆపేసింది.

"అవి వద్దు. వాళ్ళకు మెత్తగా ఉండాలి. గట్టివైతే బిస్కెట్లు విరుగుతాయట."

"మెత్తవి ఏడాదికే అరుగుతాయే!"

"అరగనీయండి. అరిగితే మళ్ళీ మన దగ్గరికే తెస్తారు."

ఆ మాటకు వాడు చేతిలోని గట్టి కుచ్చులు పక్కన పెట్టాడు. అరిగే పని చేయమన్నవాళ్ళు వాడి జీవితంలో ఎవరూ లేరు. తర్వాత తలవంచుకుని మెత్తవే వేశాడు.

బిస్కెట్లవాళ్ళు సీసాలు కడిగేవాళ్ళకు చెప్పారు. వాళ్ళు బట్టల మిల్లువాళ్ళకు చెప్పారు. ఒక్కో రోలరుకు ఒక్కో కొలత, ఒక్కో రకం కుచ్చు. కోడలు తిరిగి తెస్తుంది, వాడు వేస్తాడు. సొంత బ్రష్షుల మీద వేసే ముద్ర మాత్రం వీటి మీద ఇప్పటికీ వేయడు.

నెలాఖరుకు గోడౌను ఆయన టేపు పట్టుకుని కొలతలకు వచ్చాడు. మావాడు తలెత్తకుండానే కేకేశాడు.

"అయ్యా, చూసుకుని నడవండి! మీ కాలి దగ్గరున్న రోలరు సాయంత్రానికి ఇవ్వాలి."