రిబ్బన్ కట్టిన మంచాలు

అండాలుకు క్లబ్బు వాళ్లు మంచం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆమె ఆఖరి పదకొండు రోజులు తల ఎత్తుకుని, ఇంత ఊపిరి పీల్చుకుని పోయేది. ఇవ్వలేదు కాబట్టి ఊపిరాడక పోయింది. ఇందులో వాదనకు చోటు లేదు.

నాలుగేళ్లుగా ఆమె మొగుడు భిక్షపతి ఈ మాట చెప్పని రోజు లేదు. నల్గొండ గడియారం దగ్గరి సందులో అతనిది టైలరు దుకాణం. వచ్చినవాడి మెడ చుట్టూ టేపు వేసి, ఛాతీ ముప్పై ఎనిమిది అని రాసుకుని, ఆ తర్వాత అండాలు సంగతి ఎత్తుకునేవాడు. మెడకు టేపు ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? వినేవాడు. కొందరు వినలేక రెడీమేడ్ చొక్కాలకు అలవాటు పడ్డారు.

జరిగింది ఇది. అండాలుకు గుండె నీరసించింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందేది కాదు. హ్యాండిల్ తిప్పితే తలవైపు పైకి లేచే దవాఖాన మంచం ఉంటుంది, అది తెచ్చి పడుకోబెట్టమన్నాడు డాక్టరు. మిత్రహస్తం సేవా క్లబ్బు అప్పుడే అలాంటివి రెండు కొన్నది. అవసరమైన ఇంటికి ఊరికే ఇవ్వడానికి, పని తీరాక వెనక్కి తెచ్చుకోవడానికి. భిక్షపతి పోయి అడిగాడు. ఓపెనింగ్ కాలేదన్నారు. ముఖ్య అతిథి తేదీ మూడుసార్లు మారింది. అండాలు తేదీ మారలేదు. ఆమె దినాలు కాకముందే పేపర్లో ఫోటో పడింది: రెండు మంచాలు, ఒక కత్తెర, పద్నాలుగు మంది నవ్వు మొహాలు.

ఆ క్లబ్బు పద్ధతే అంత. రిబ్బన్ కత్తిరించనిది దేన్నీ ముట్టుకోనివ్వరు. ఒక ఏడు ఎండాకాలం కోసమని బస్టాండు దగ్గర చల్లనీళ్ల మిషను పెట్టారు. అతిథి దొరకలేదని మే నెలంతా దానికి గుడ్డ కప్పి ఉంచారు. జనం దాని నీడన నిలబడి పక్క కొట్టులో నీళ్ల పొట్లాలు కొనుక్కుని తాగారు. తొలకరి వాన పడుతుండగా గొడుగు పట్టుకుని ప్రారంభించారు. శవాలను తీసుకుపోయే బండి కొన్నప్పుడు కొబ్బరికాయ కొట్టి, జెండా ఊపి, 'మొదటి ప్రయాణం తమరే చేయాలె' అని అతిథిని బతిమాలారట. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కాడని అంటారు.

ఇలాంటి క్లబ్బుకు అధ్యక్షుడు అమరేందర్. ఎరువుల దుకాణం సేటు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టడానికి తేలికగా ఉండేది. చలికాలం దుప్పట్లు పంచుతాడు, రక్తం ఇస్తాడు, ఎవరి ఇంట్లో చావైనా ముందు వస్తాడు. ఒక్క రిబ్బన్ దగ్గరే అతనికి మెదడు ఆగిపోతుంది.

ఈ ఏడు మాఘమాసంలో ఒక పొద్దున అతను భిక్షపతి దుకాణం మెట్లెక్కాడు.

"భిక్షపతన్నా, ఇరవై ఏప్రాన్లు గావాలె. ఆదివారం వరకు."

"ఎందుకు సేటు?"

"జొన్నరొట్టెల జాతర పెడ్తున్నం. మంది ఇష్టంగ తింటరు. వచ్చిన పైసలతోని దవాఖాన మంచాలు కొంటం. ఉన్న రెండు సరిపోతలేవు."

"కొని?"

"కొని ఏంది? లేనోళ్లకు ఇస్తం."

"ఇస్తరా, కడ్తరా?"

"ఏం కడ్తం?"

"రిబ్బన్."

అమరేందర్ దగ్గాడు. బయటికి చూశాడు. మళ్లీ లోపలికి చూశాడు. "గా ముచ్చట ఇంకా మర్సిపోలేదా అన్నా?"

"నువ్వు మర్సినవ్ గద. ఇద్దర్ల ఒక్కడన్న యాదికుంచుకోవాలె." భిక్షపతి మిషను తొక్కడం మొదలుపెట్టాడు. "నా సూది మీ క్లబ్బు బట్టల దిగదు. పోయిరా."

పక్క వాటాలో ఉండే నర్సింగమ్మ గోడ అవతలి నుంచి అంతా విన్నది. ఆమెకు అరవై ఏడేళ్లు. కొడుకు లారీ మీద నెలలో ఇరవై రోజులు బయటే. కోడలు సుహాసిని చీరల దుకాణంలో పని చేస్తుంది. నర్సింగమ్మ చేసే జొన్నరొట్టెకు ఆ వీధిలో సాటి లేదు. అది అందరికన్నా ముందు ఆమే చెబుతుంది.

"సేటూ!" అని గోడ మీది నుంచి కేకేసింది. "గా ఏప్రాన్ గిప్రాన్ నాకొద్దు. చెంగు దోపుకొని చేస్త. పొయ్యి మంచిది పెట్టు చాలు."

"అక్కా, నువ్వు పోతవా?" అన్నాడు భిక్షపతి.

"పోత. నీ అలుక నీది, నా రొట్టె నాది. నువ్వు బట్ట కుట్టకపోతే గీ ఊర్ల ఎవ్వడన్న బట్టలిప్పుకొని తిరుగుతుండా?"

ఆదివారం జాతర జోరుగా సాగింది. ఇరవై పొయ్యిలు పెట్టారు. పందొమ్మిదింటి దగ్గర మంది నిలబడి తిన్నారు, ఒక్కదాని దగ్గర మంది నిలబడి తిట్లు తిన్నారు. ప్యాంటూ బూట్లూ వేసుకున్న ఒకాయన, రొట్టె సరిగ్గా గుండ్రంగా లేదన్నాడు. "గుండ్రంగ గావాల్నంటే గిన్నె మూత తిను నాయినా" అన్నది నర్సింగమ్మ, చేతిలోని రొట్టెను తట్టడం ఆపకుండా. ఆయన నవ్వి నాలుగు తీసుకుపోయాడు. పొద్దు గూకేసరికి ఆమె చేసినవి మూడు వందల పన్నెండు. ఒక్క రొట్టె కూడా మిగల్లేదు.

మిగల్లేదంటే, రెండు మిగిలాయి. సుహాసిని వాటిని కాగితంలో చుట్టి, పుంటికూర పెట్టి తెచ్చి భిక్షపతి ముందు పెట్టింది.

"ఎక్కడియి బిడ్డా?"

"ముందు తిను మామా."

తిన్నాడు. తిన్న తర్వాత చెప్పింది. ఏం చేస్తాడు, కక్కలేడు. ఆ రాత్రి అతనికి క్లబ్బు రొట్టె చక్కగా అరిగింది. అది మరీ కోపం తెప్పించింది.

మరో తొమ్మిది రోజులకు నర్సింగమ్మ నల్లా దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. సర్కారు దవాఖానలో ఆపరేషన్ చేసి రేకు వేశారు. ఇంటికి పంపుతూ డాక్టరు ఒకటే మాట చెప్పాడు: చదునుగా పడుకోబెట్టవద్దు, వయసు మీద పడింది, ఛాతీలో కఫం పట్టిందంటే తుంటి కాదు మనిషే దక్కదు. హ్యాండిల్ మంచం తెచ్చుకోండి. రోజుకు పదిసార్లు లేపి కూర్చోబెట్టండి.

ఇంట్లో ఉన్నది నవారు మంచం. దిండు మీద దిండు పెడితే జారేవి. సుహాసిని ఒక్కతే లేపలేక నడుం పట్టేసింది. మూడోనాటికి నర్సింగమ్మకు దగ్గు మొదలైంది. గొంతులో గరగర. భిక్షపతి గోడ ఇవతల కూర్చుని ఆ గరగర విన్నాడు. అతనికి ఆ చప్పుడు తెలుసు.

ఆ మధ్యాహ్నం సుహాసిని క్లబ్బు దగ్గరికి పోయి వచ్చింది. భిక్షపతి అప్పటికే వచ్చి గడపలో కూర్చుని ఉన్నాడు.

"పాతయి రెండు ఎవలిండ్లల్లనో ఉన్నయంట. ఇంకో నాలుగు మంచాలొచ్చినయత్తా. కొత్తయి. సేటు చూపిచ్చిండు. అయితే ఓపెనింగ్ కాలేదంట."

"ఎప్పుడంట?" దగ్గు మధ్య అడిగింది నర్సింగమ్మ.

"రైసుమిల్లు గోపీకృష్ణ సారు చేత్తోని కత్తిరియ్యాల్నంట. గాయన యాత్రకు పోయిండంట. ఇంకో ఇరవై రోజులైతదంట. ఏమనుకోకమ్మా, జర ఓపిక పట్టుండ్రి అన్నడు."

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యలే." నర్సింగమ్మ నవ్వబోయింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. సుహాసిని వీపు రుద్దుతూ ఏడ్చింది.

భిక్షపతి లేచాడు. దుకాణంలోకి పోయి గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర తీసుకున్నాడు. వీధి చివర ట్రాలీ ఆటో సైదులును పిలిచి ముందు సీట్లో కూర్చున్నాడు. సైదులు కత్తెర వైపు చూసి, కొంచెం పక్కకు జరిగి, "ఎవలి మీదికన్నా?" అన్నాడు.

"రిబ్బన్ మీదికి. నడువు."

ఎరువుల దుకాణం వెనక రేకుల షెడ్డు క్లబ్బు వాళ్లది. లోపల నాలుగు మంచాలు వరసగా ఉన్నాయి. ప్లాస్టిక్ కాగితం విప్పలేదు. నాలుగింటికీ కలిపి ఒకే ఎర్ర రిబ్బన్ కట్టి, మధ్యలో పువ్వులా ముడి వేసి ఉంది. ఓపెనింగ్‌కు ఇంకా ఇరవై రోజులు ఉన్నా రిబ్బన్ తయారే. అమరేందర్ కుర్చీలో కూర్చుని బ్యానరు మీద ఎవరి ఫోటో ఎంత పెద్దగా ఉండాలో ఫోన్లో మాట్లాడుతున్నాడు. భిక్షపతిని చూసి ఫోన్ పెట్టేశాడు. కత్తెరను చూసి లేచి నిలబడ్డాడు.

"అన్నా, అన్నా. కూసో. చాయ్ తాగు."

"చాయ్ తాగ రాలేదు. నర్సింగక్కకు మంచం గావాలె."

"నాకు తెల్వదా? నాకు మాత్రం మనసుండదా? నా కష్టం జర ఇను. నాలుగు మంచాలల్ల రెండు మంచాల పైసలు గోపీకృష్ణ సారువి. తన చేత్తోని రిబ్బన్ కత్తిరిస్తనే ఇస్తనన్నడు. ఇయ్యాల గాయనను కాదంటే వచ్చే ఏడు ఒక్క రూపాయి రాలదు. మళ్ల ఎవలికి నష్టం? పేదోళ్లకే గద."

భిక్షపతి మాట అందుకున్నాడు. "రెండు గాయనయి. మరి కడమ రెండు?"

"జాతరయి."

"జాతరంటే?"

"రొట్టెలయి అన్నా."

"ఎవలి రొట్టెలు?"

అమరేందర్ రిబ్బన్ ముడి సర్దాడు. బయట సైదులు చెప్పాడు. "నర్సింగమ్మయి. నేను గూడ నాలుగు తిన్న. గిన్నె మూత తినమని తిట్టిచ్చుకున్నోని ఎన్క నేనే ఉంటి."

"మిల్లాయన మంచాల జోలికి నేను పోతనే లేను సేటు" అన్నాడు భిక్షపతి. "యాత్ర నుంచి వచ్చి సల్లగ కత్తిరిచ్చుకోమను. రొట్టెల మంచం నాకియ్యి."

"ఏది రొట్టెలదో, ఏది మిల్లుదో మంచం మీద రాసి ఉంటదా అన్నా?"

"రాసి లేకుంటే నేను రాస్త."

జేబులో నుంచి గుడ్డల మీద గీత గీసే నీలం సుద్ద తీశాడు. చివరి మంచం ప్లాస్టిక్ మీద పెద్ద ఇంటూ గుర్తు పెట్టాడు. దాని పక్కన రిబ్బన్ పట్టుకుని, ముప్పై ఏళ్లుగా సిల్కు గుడ్డ కత్తిరించిన చెయ్యి కాబట్టి, ఒక్క పోగు లేవకుండా కత్తిరించాడు. చప్పట్లు లేవు. ఫోటో లేదు. సైదులు మాత్రం అలవాటు కొద్దీ రెండు చప్పట్లు కొట్టి, అమరేందర్ మొహం చూసి ఆపేశాడు.

అమరేందర్ తెగిన రిబ్బన్ చివర చేతిలోకి తీసుకుని కొంతసేపు చూశాడు. చూస్తూ చూస్తూ అతనికి నవ్వొచ్చింది. మొదట బుగ్గల్లో, తర్వాత పొట్టలో.

"నాయినా, ఇంతేనా పని" అన్నాడు. "భూమి బద్దలు గాలేదే."

"కాలే. పట్టు ఆ పక్క."

అధ్యక్షుడు ఒక పక్క, టైలరు ఒక పక్క పట్టి మంచాన్ని ట్రాలీలోకి ఎక్కించారు. అమరేందర్‌కు చెమట పట్టింది. తువ్వాలుతో మెడ తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు: "గా రోజు తప్పయింది అన్నా. అండాలమ్మప్పుడు."

"అయింది" అన్నాడు భిక్షపతి. ముందు సీటు ఎక్కాడు. సైదులును నడవమన్నాడు.

ఇరవై రోజుల తర్వాత యాత్ర నుంచి వచ్చిన గోపీకృష్ణ, మూడు మంచాలకు ముడివేసిన రిబ్బన్ కత్తిరించాడు. పేపర్లో నాలుగు మంచాలని రాశారు. ఆయన లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే తీరిక ఉన్నవాళ్లను అతిథులుగా పిలవరు.

ట్రాలీ ఎక్కిన నాటి సాయంత్రానికే నర్సింగమ్మ ఇంటి ముందుగదిలో మంచం పడింది. నలుగురు కలిసి ఆమెను దాని మీదికి మార్చారు. సుహాసిని హ్యాండిల్ తిప్పింది. తలవైపు కొంచెం కొంచెంగా లేచింది.

"ఓ ఓ, ఆగవే! పైకే తోల్తున్నవా నన్ను?"

"ఇంకొంచెం అత్తా. డాక్టరు చెప్పినంత."

గరగర తగ్గింది. అరగంటలో ఆమె జావ అడిగి తాగింది. గంటలో జావ పలచగా ఉందని కోడలిని తిట్టింది. వీధిలో ఆడవాళ్లు వచ్చి మంచాన్ని తట్టి చూశారు, హ్యాండిల్ తిప్పి చూశారు, ఇంకోసారి తిప్పబోతే నర్సింగమ్మ వద్దని అరిచింది. భిక్షపతి గడపలో కూర్చుని జరిగినదంతా చెప్పాడు. సుద్ద గుర్తు చెప్పాడు, సైదులు చప్పట్లు చెప్పాడు, అధ్యక్షుడి చెమట చెప్పాడు. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు. అండాలు పోయాక అతని పళ్లు చూసినవాళ్లు ఆ వీధిలో లేరు.

నర్సింగమ్మ వెనక్కి ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ అన్నది. "ఇంత సులువాయె తమ్మీ! మరి అండాలప్పుడు గూడ గిట్లనే పోయి కొట్లాడకపోయినవా?"

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. నవ్వు మధ్యలో వచ్చిన మాట.

భిక్షపతి నోరు తెరిచాడు. నాలుగేళ్లుగా ఎంత మందికి చెప్పినా ఒక్క సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఆనాడు అదే షెడ్డులో అదే అమరేందర్, ఇంకా ఓపెనింగ్ కాలేదు అన్నా అని ఒక్కసారే అన్నాడు. భిక్షపతి చేతులు కట్టుకుని, సరే సేటు, నీ ఇష్టం, అన్నాడు. ఇంటికి వచ్చి అండాలుతో, రేపు ఇస్తారట, అని చెప్పాడు. పదకొండు రోజులు అదే చెప్పాడు. రెండోసారి పోలేదు. పెద్దమనిషి కదా, మళ్లీ మళ్లీ అడిగితే బాగుండదు అనుకున్నాడు.

"ఏందిరా, పలుకవు?" అన్నది నర్సింగమ్మ.

అతను లేచి చెప్పులు తొడుక్కున్నాడు. సుహాసిని చాయ్ తెస్తే వద్దన్నాడు.

మరునాడు దుకాణానికి ఒకాయన చొక్కా కొలతకు వచ్చాడు. పాత గిరాకీ. మెడకు టేపు పడగానే, ఎప్పుడూ వినేదే కదా అని, మర్యాదకు తనే ఎత్తాడు. "మంచం తెచ్చినవంట గదనే. పాపం, అండాలమ్మకు గూడ గప్పుడు ఇచ్చుంటే..."

భిక్షపతి టేపు తీసేశాడు. ముప్పై ఎనిమిది అని రాసుకున్నాడు.

"గా ముచ్చట నా దగ్గర ఇంక ఎవ్వలు ఎత్తొద్దు. నేను గూడ ఎత్తను. చేతులు ఫుల్లా, హాఫా?"