పద్దెనిమిది మీటర్ల లోతున అమీర్‌పేట్

ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా రవళి ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి నడిచి అమీర్‌పేట్ వచ్చేది. మూడో అంతస్తులో జావా క్లాసుకీ టెస్టింగ్ క్లాసుకీ నడుమనున్న గది తాళం తీసి, ఊడ్చి, బోర్డు తుడిచేది. అక్కడ గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగే స్కూబా డైవింగ్ నేర్పేవారు. సాఫ్ట్‌వేర్ జీతాలు చేతికొచ్చిన కుర్రాళ్ళకు బైకు తర్వాత సముద్రం మీద మోజు పుట్టిన రోజులవి.

వాకిట బోర్డు మీద పేరు గురువు సూర్యనారాయణది. పాఠం రవళిది. ఆమె నల్లబోర్డు మీద నీటిమట్టం గీసి, దాని కింద పది మీటర్ల గీత గీయగానే గది ఆ లోతుకు దిగిపోయేది. నీళ్ళు కనపడేవి కావు, బట్టలు తడిసేవి కావు. చెవులు మాత్రం బిగుసుకునేవి. కుర్రాళ్ళు ముక్కు పట్టుకుని గాలి ఊది, చెవులు సర్దుకుని నోట్సు రాసుకునేవారు. ఇంకా కిందికి గీస్తే, లోతు నీళ్ళలో లాగే ఎరుపు పోయి, రవళి బొట్టు మట్టిరంగుకు తిరిగేది. గోడ అవతల తన పిల్లలకు పరీక్ష ఉన్న రోజున జావా సారు తలుపు దగ్గరికొచ్చి, ఇవాళ పదికి మించి దిగొద్దని చెప్పిపోయేవాడు.

అండమాన్‌లో ఒక డైవింగ్ కేంద్రం వాళ్ళు ఆడవాళ్ళకు నేర్పడానికి ఆడమనిషి కావాలని రవళికి ఉత్తరం రాశారు. నెలాఖరులోగా డైవింగ్ అర్హత కార్డు చూపాలి. కార్డు రావాలంటే గురువుతో కలిసి నాలుగుసార్లు లోతుకు దిగాలి, దిగిన లెక్కను ఆయన లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టాలి. సూర్యనారాయణ నెలనెలా కుర్రాళ్ళను విశాఖ తీసుకెళ్ళేవాడు. టికెట్లు రవళే తీసేది. తననూ తీసుకెళ్ళమంటే, ముందు ఈతకొలనులో సాధన చెయ్యాలి కదమ్మా అన్నాడు.

పంజాగుట్ట వెనక కొలను దగ్గర కాపలా ఓదెలు ఆమెను గేటు దాటనియ్యలేదు.

"లేడీస్ టైంల సిలిండర్ మోసే మొగోళ్ళు లోపలికి రావొద్దక్కా. జెంట్స్ టైంల నువ్వు రావొద్దు."

"నేనే మోసుకొస్త."

"ఆడోళ్ళు గంత బరువు మోస్తే చూసెటోళ్ళకు బాగుంటదా?"

నాలుగు వారాలు తిరిగింది. చివరికి, మన క్లాసులో దిగేది కూడా డైవింగే కదా, దాన్నే రాయమని సూర్యనారాయణను అడిగింది. ఆయన నవ్వి, క్లాసు క్లాసేనమ్మా అన్నాడు.

నెలాఖరు ఆదివారం ఆయన పాఠం మధ్యలో వచ్చాడు. గది అప్పటికే పద్దెనిమిదిలో ఉంది. గడప దగ్గరే అలవాటుగా ముక్కు పట్టుకుని, వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. పాఠం అయ్యేదాకా ఆగి, అందరి ముందే చెప్పాడు.

"ఈసారికి కుదర్లేదమ్మా. వచ్చే ఏడు చూద్దాం. హాయిగా క్లాసు చెప్పుకుంటున్నావు, నీకేం లోటు?"

చెప్పి లేచాడు. ముందు బెంచీలోని కుర్రాడు వంశీకృష్ణ తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"అట్లెట్ల పోతరు సార్? పద్దెనిమిదిల ఉన్నం."

అంత లోతు నుంచి ఒక్కసారిగా పైకొస్తే నెత్తురులో గాలి బుడగలు కడుతుందని నోట్సులో రాయించింది సూర్యనారాయణే. వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. రవళి గీతను కొంచెం కొంచెంగా చెరుపుతూ పైకి తెచ్చింది. తొందరపడలేదు. ఐదు దగ్గర మూడు నిమిషాలు ఆపింది.

పైకి రాగానే సూర్యనారాయణ మణికట్టు కుయ్యిమంది. లోతునూ సమయాన్నీ తనంతట తానే నమోదు చేసుకునే ఫారిన్ యంత్రం అది. డైవర్లు మనిషి మాటనైనా కాదంటారు గానీ దాని అంకెను కాదనరు. పద్దెనిమిది మీటర్లు, ముప్పై ఒక్క నిమిషాలు. ఆయన దాన్ని తట్టి చూశాడు. అంకె మారలేదు.

"లాగ్‌బుక్కు తేమ్మా," అన్నాడు చివరికి. స్థలం అన్నచోట కాసేపు ఆగి, అమీర్‌పేట్ అని రాసి సంతకం పెట్టాడు.

"ఒకటైంది సార్. ఇంక మూడు," అంది రవళి.

"మధ్యలో గంటన్నా విరామం ఉండాలి కదా."

"తెలుసు సార్, చెప్పేది నేనే గదా. కూసోండ్రి, చాయ్ చెప్త."

రవళి సంతకం వంక చూసింది. మూడేళ్ళ ఆదివారాల్లో నూటయాభైసార్లు దిగి, వెంట వచ్చిన వాళ్ళందరినీ క్షేమంగా పైకి తెచ్చింది. రాసి ఉన్నది ఒక్కటి. సంతోషించాల్సిన చోట ఒళ్ళు మండింది.

గంట కాగానే లేచి సుద్దముక్క తీసుకుంది.

"ముక్కు పట్టుకోండ్రి సార్," అంది.