చుట్టాలొస్తున్నారని కడిగిన వాగు

హోసోనే అనే ఊళ్లో ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు గుమ్మం కడుగుతారు. తర్వాత గుమ్మం ముందున్న రోడ్డు కడుగుతారు. ఆ తర్వాత, పక్కింటివాళ్లు చూస్తూ ఉంటే, వాళ్ల గుమ్మం ముందు కూడా రెండు చీపురు దెబ్బలు వేస్తారు. ఆ రెండు దెబ్బలూ మర్యాదో, ఎత్తిపొడుపో తేల్చి చెప్పగలిగినవాడు ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు.

ఈ ఊరి సంఘానికి అధ్యక్షుడు నగకుర తొకుజీ. అరవై ఎనిమిదేళ్లవాడు. ముప్పై ఏడేళ్లు పట్టణ కార్యాలయంలో ఫైళ్లకు చీటీలు అంటించి రిటైరయ్యాడు. చీటీలు మాత్రం రిటైరవలేదు. ఇంట్లో ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని, తెరిచిన తేదీతో సహా రాసి ఉంటుంది. తన మీద ఇంకా చీటీ అంటించనందుకు భార్య మినెకో లోలోపల సంతోషిస్తూ ఉంటుంది.

మార్చి మొదటి వారంలో ఆయనకు విమానాశ్రయ విస్తరణ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది.

ఊరికి ఎగువన మిట్ట మీద విమానాశ్రయం ఉంది. అయిదేళ్ల కిందట అక్కడ విమానాలు ఆగే మైదానాన్ని పెంచారు. దేవదారు తోపూ, ముల్లంగి చేలూ కాంక్రీటు కిందికి పోయాయి. అంతకుముందు మిట్ట మీద కురిసిన వానను నేల తాగేది. కాంక్రీటుకు దాహం వెయ్యదు. కురిసిందంతా ఒక పెద్ద గొట్టంలోంచి తిన్నగా అసుమ వాగులోకి వచ్చి పడుతోంది. పైగా చలికాలమంతా విమానాల రెక్కల మీద గడ్డకట్టిన మంచు కరగడానికి ఏదో తియ్యటి మందు చల్లుతారు. ఆ మందు కలిసిన మంచును ఓ మూలకు నెట్టి గుట్ట పోస్తారు. వసంతంలో గుట్ట కరిగినప్పుడు వాగులో రాళ్లకు బూడిదరంగు జిగురు పట్టి, కుళ్లిన పళ్లరసం వాసన వేస్తుంది. నీళ్లలో చేపలకు ఊపిరి అందదు.

వాగు దిగువన ఇసోబె చిగుసకు మూడు చేపల చెరువులున్నాయి. మామగారు తవ్వించినవి. వాటిలో చల్లటి వాగు నీళ్లలోనే బతికే ఇవానా చేపలు పెంచుతుంది. వాగు నీళ్లే వాటికి ఆధారం. కిందటి వసంతంలో మూడో వంతు చేపలు చచ్చిపోయాయి. ఇంకో ఏడాది ఇలాగే జరిగితే చెరువులు పూడ్చుకోవడమే. ఇంతలో రన్‌వేను మరో అర కిలోమీటరు పొడిగిస్తారని తెలిసింది. గొట్టం దగ్గర ఒక పెద్ద తొట్టి కట్టి, నీళ్లను అందులో నిలిపి, శుభ్రం చేశాకే వాగులోకి వదలాలని చిగుస అర్జీ రాసింది. తొకుజీ ఆ అర్జీలో అక్షర దోషాలు మూడుసార్లు దిద్ది, సంఘం ముద్ర వేసి పంపాడు.

దానికి జవాబే ఈ ఉత్తరం. ‘ముందు వాగు నీటిని పరీక్షిస్తాము. మురికి తేలితే తొట్టి కట్టెదము. తేలనిచో అవసరము లేదు. పద్దెనిమిదో తారీకు, బుధవారం, పది గంటలకు ముగ్గురు అధికారులు వచ్చెదరు.’

తొకుజీ ఉత్తరం రెండుసార్లు చదివాడు. అందులో ఒక్క ముక్కే ఆయన బుర్రకెక్కింది. ముగ్గురు వస్తున్నారు.

ఏప్రిల్లో జరగాల్సిన మురుగు కాలవల శుభ్రత ఆ ఏడు మార్చికి మారింది. ఇంటింటికీ తిరిగే నోటీసు అట్ట మీద తొకుజీ రాశాడు: ‘ఆదివారం ఉదయం ఎనిమిదికి. ఇంటికొకరు. రబ్బరు బూట్లు, పీచు బ్రష్షు. ఈసారి వాగు కూడా.’ ముప్పై ఒక్క ఇళ్లవాళ్లూ చదివామని ముద్ర వేశారు.

ఇంటికొకరు అంటే చిగుస ఇంటి నుంచీ ఒకరు రావాలి. ఆమె బ్రష్షు పట్టుకునే వచ్చింది.

“బాబాయ్, వాళ్లొచ్చేది మురికి చూడ్డానికే కదా. మనమే కడిగేస్తే ఇంకేం చూస్తారు?”

“మురికుందని అర్జీలో రాశాం కదమ్మాయ్, మూడు పేజీలు! మళ్లీ కళ్లకి కూడా చూపించాలా? అంత దూరం నుంచి పెద్దమనుషులొస్తున్నారు. ఛీ, హోసోనేవాళ్లు ఇలా బతుకుతారా అనుకోరూ?”

“అనుకోవాలనే కదా నా ఏడుపు.”

“ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికెళ్తాం. స్నానం చేసి వెళ్లమూ? ఇదీ అంతే.”

పక్కన రాళ్లు తోముతున్న ముసలావిడ తల ఎత్తకుండానే వంత పాడింది. “పళ్ల డాక్టరు దగ్గరికి పళ్లు తోముకునే వెళ్తాం.”

“తోముకుని వెళ్తాం పిన్నీ. నొప్పెట్టే పన్ను పీకి, ఇంట్లో దాచి వెళ్లం కదా.”

అందరూ నవ్వారు. చిగుస కూడా నవ్వి, వంగి, రాళ్లు తోమడం మొదలుపెట్టింది. ఆ ఊళ్లో విమానాశ్రయాన్ని ఎదిరించి నిలబడొచ్చుగానీ, ముప్పైమంది వంగి పనిచేస్తుంటే ఒక్కరు నిటారుగా నిలబడటం కుదరదు.

మధ్యాహ్నానికి రాళ్లు అద్దాల్లా మెరిశాయి. గీకిన జిగురూ, తీసిన బురదా నలభై రెండు సంచులయ్యాయి. తొకుజీ ప్రతి సంచికీ చీటీ కట్టాడు. ఏ తారీకు, ఏ వంతెన నుంచి ఏ వంతెన దాకా, అంతా వివరంగా. పట్టణం లారీ వచ్చేది ఏప్రిల్ చివర్లోనే కాబట్టి సంచుల్ని సంఘం భవనం వెనక వరుసగా పేర్పించాడు. వరుస వంకరగా ఉందని మళ్లీ పేర్పించాడు.

అది చాలదన్నట్టు మంగళవారం సాయంత్రం తానే వెళ్లి, ఎగువ పొలాల కాలవ తలుపు జానెడు ఎత్తి వచ్చాడు. కొత్త నీళ్లు కలిసి వాగు గలగలమంది. చుట్టాలొచ్చినప్పుడు మంచి దుప్పటి తీసినట్టు.

బుధవారం ఎండ కాసింది. అధికారులు మూడు చోట్ల సీసాల్లో నీళ్లు పట్టుకుని, సంఘం భవనంలో టీ తాగి, ఊరగాయ బావుందన్నారు. వాళ్లలో పెద్దవాడైన మినోవ వాగును చూసి, “ఇంత శుభ్రమైన వాగు ఈ జిల్లాలో నేనెక్కడా చూడలేదండీ” అన్నాడు.

“అబ్బే, మీలాంటివాళ్లు చూడదగ్గదేం కాదు” అని తొకుజీ నడుం దాకా వంగాడు. జన్మలో అంత ఆనందంగా ఆయన ఎప్పుడూ వంగలేదు.

రెండు వారాలకు ఫలితం వచ్చింది. మూడు చోట్లా నీరు శుభ్రం. తొట్టి అవసరం లేదు. ఆ కాగితంతోపాటు, వాగును అంత శ్రద్ధగా చూసుకుంటున్నందుకు సంఘానికి ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం కూడా వచ్చింది. తొకుజీ ముందు పత్రాన్ని సంఘం భవనం గోడకు తగిలించాడు. ఫలితం ఆ తర్వాత చదివాడు. చదివి, ఫ్రేము కొంచెం వంకరగా ఉందేమోనని సరిచేస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

ఏప్రిల్లో రెండు రోజులు వెచ్చటి వాన కురిసింది. మిట్ట మీది గుట్ట ఒక్కసారిగా సగానికి పైగా కరిగింది. మూడో రోజు పొద్దున్నే చిగుస వచ్చి, తొకుజీ గుమ్మంలో ఒక ప్లాస్టిక్ పెట్టె దించింది. నిండా తెల్లని పొట్టలు పైకి తేలిన చేపలు.

“ఎన్ని?” అన్నాడు తొకుజీ.

“లెక్కపెట్టలేదు బాబాయ్. రెండు చెరువులు. మూడోదాంట్లో కొన్ని ఇంకా పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.”

ఆమె అరిచుంటే ఆయనకు సుఖంగా ఉండేది. అరుపులకు జవాబులు చెప్పడం ఆయనకు ఉద్యోగంలో అలవాటే.

“విమానాశ్రయం మీద కోపం లేదా అంటే ఉంది” అందామె. “కానీ ఆ రోజు ఈ చేత్తో నేనే తోమాను చూడండి, అది మింగుడుపడటం లేదు.”

పెట్టె అక్కడే వదిలి వెళ్లిపోయింది.

“ఏమండీ, చుట్టాలొచ్చారు, టీ తాగారు, వెళ్లారు” అంది మినెకో. “మిగిలింది ఇంట్లోవాళ్లం.”

తొకుజీ ఆ పూట అన్నం సగంలో లేచాడు. చేతిలో కలం ఉంది. పెట్టె మీద ఏ చీటీ అంటించాలో తోచలేదు.

రన్‌వే పని మొదలయ్యే ముందు ఆఖరి వివరణ సభ ఆ ఆదివారమే సంఘం భవనంలో జరిగింది. తలుపు మీద తొకుజీ చేతిరాతతో ‘చెప్పులు విప్పి లోపలికి రావలెను’ అని ఉంటుంది. అందరూ విప్పే వచ్చారు. మినోవ తెర మీద బొమ్మలు చూపించి, వాగు శుభ్రంగా ఉందనీ, అది గ్రామస్తుల సహకారం వల్లేననీ చెప్పి, “ప్రశ్నలేమైనా?” అన్నాడు. ఆ ఊళ్లో ఆ మాటకు అర్థం సభ అయిపోయిందని. ‘అందరికీ అర్థమైంది, ధన్యవాదాలు’ అని అధ్యక్షుడు ముగించాలి.

తొకుజీ లేచి, ఆ మాట అనకుండా వెనక తలుపులోంచి బయటికి వెళ్లాడు. వయసు కదా, బాత్రూముకేమో అనుకున్నారు.

రబ్బరు బూట్లతో తిరిగి వచ్చాడు. భుజాన ఒక సంచి. నిగనిగలాడే చెక్క నేల మీద బురద అడుగులు వేసుకుంటూ వచ్చి, సరిగ్గా ప్రశంసాపత్రం కింద సంచి దించి, మూతి విప్పాడు. కుళ్లిన పళ్లరసం వాసన గదంతా కమ్మింది. ముందు వరుసవాళ్లు జేబురుమాళ్లు తీశారు.

“మార్చి పదిహేను” అని చీటీ చదివాడు. “గొట్టం నోటి నుంచి మొదటి వంతెన దాకా. మీరు రావడానికి మూడు రోజుల ముందు. ఇలాంటివి వెనకాల ఇంకా నలభై ఒకటి ఉన్నాయి. మీరు సీసాలో పట్టుకెళ్లింది మా వాగును కాదు మినోవగారూ, మా పరువును. అది శుభ్రంగానే ఉంటుంది, రోజూ తోముతాం కాబట్టి. పై కాలవ తలుపు ఎత్తింది కూడా నేనే. ఎవరూ చెప్పలేదు, నాకే సిగ్గేసింది. మురికి చేసింది మీరు, సిగ్గుపడింది నేను, చచ్చింది చిగుస చేపలు.”

చిగుస తల దించుకుని ఉంది.

“వాన కురిసే రోజున రండి. చెప్పకుండా రండి. టీ కూడా పెట్టం.”

మినోవ గొంతు సవరించుకున్నాడు. “తేదీ ముందుగా తెలియజెయ్యడం నిబంధన అండీ...”

“ఆ నిబంధన ఏ కాగితంలో ఉందో చూపించండి. ముప్పై ఏడేళ్లు నేను నిబంధనలకే చీటీలు అంటించాను.”

మినోవ ఫైలు తిరగేశాడు. రెండోసారీ తిరగేశాడు. ఆ తర్వాత వచ్చి సంచి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చీటీ పట్టుకుని చూశాడు.

“ఈ తారీకు, చోటు, అన్ని సంచుల మీదా రాశారా?”

“ఉప్పు డబ్బా మీద కూడా రాస్తారండీ” అంది మినెకో వెనక వరుస నుంచి.

మినోవ నవ్వలేదు. సంచిలోంచి ఒక సీసా నింపుకున్నాడు. మళ్లీ పరీక్షించేదాకా పని ఆగుతుందని కాగితం మీద రాసి ఇచ్చాడు.

మే మొదటి వానలో, గుట్టలో ఇంకా మంచు మిగిలుండగానే, వాగు పక్కన ఒక కారు ఆగింది. గొడుగులతో ఇద్దరు దిగారు. కిటికీలోంచి చూసిన తొకుజీకి చేతులు దురద పెట్టాయి. గబగబా తలుపు వెనక వెతికాడు.

“చీపురు నా దగ్గరుంది, కూర్చోండి” అంది మినెకో.

కూర్చున్నాడు. జూన్లో వచ్చిన కాగితంలో నీళ్లలో మురికి తేలిందనీ, తొట్టి కడతామనీ ఉంది. అది కట్టి నీళ్లు నింపేదాకా రన్‌వే పని మొదలుపెట్టరని కూడా ఉంది. చిగుస రెండు చెరువులు ఖాళీగానే ఉన్నాయి, మూడోదాంట్లో మాత్రం వేలెడంత పిల్లల్ని వదిలింది. తొకుజీ ప్రశంసాపత్రాన్ని గోడ మీంచి తీసి, అట్టపెట్టెలో పెట్టి, దాని మీద చీటీ అంటించాడు: ‘పొరపాటున వచ్చినది.’ తేదీ వేశాడు.

ఇది చదివే మనలో చాలామందిమి తొకుజీలమే. అధికారి వస్తున్నాడంటే రోడ్డుకు సున్నం గీస్తాం, బడి పిల్లలకు ఉతికిన బట్టలు తొడుగుతాం, ఆసుపత్రి మంచాలకు ఆ ఒక్క పూటకు తెల్ల దుప్పట్లు పరుస్తాం. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోవడం లేదని వాపోతాం. ఒకరు చేసిన మురికిని పరువు కోసం మనం కడిగి దాచామంటే, ఆ మురికికి మనమే కాపలా కాసినట్టు.