రెండు ముహూర్తాల సెల్లు

సుబ్బరాయుడు చదరపు బ్యాటరీ సెల్లును నాలుక కొసకు ఆనించుకున్నాడు. చురుక్కుమంది. పక్కకు ఉమ్మేసి రెండో సెల్లును ఆనించాడు. అది పులిసిన మజ్జిగ మాదిరి జివ్వుమని ఊరుకుంది. మొదటిది గట్టి సెల్లు, రెండోది సగం తిన్నది. కొత్త సెల్లు రెండు ముహూర్తాలకు వస్తుంది, మూడోదానికి నమ్మరాదు. రెండేళ్ళ వాడకంలో తేలిన లెక్క అది.

అతని ముందు సిగరెట్టు పెట్టెలంత పెట్టెలు రెండున్నాయి. ఒకటి పంపేది, ఒకటి వినేది. పంపేదానికి చిక్కుడుగింజంత మైకు. వినేదానికి చెవిలో దూర్చుకునే బిరడా. గట్టి సెల్లును పంపేదానిలో వేశాడు. అది సన్నాయి వాయించే ఖాజా పీరు నడుముకు పోతుంది. ఆయనకు మీట నొక్కడం గుర్తుంటుంది కానీ ఆపడం గుర్తుండదు. సగం సెల్లును తన పెట్టెలో వేసుకున్నాడు. తన దాన్ని అక్కర లేనప్పుడు ఆపుకోవచ్చు, మిగుల్చుకోవచ్చు. పాత సరుకు ఎప్పుడూ పొదుపు తెలిసినవాడి దగ్గరే ఉండాలి.

గుండుసూదితో బిరడాలోని గులిమి తీసి, పంచె కొంగుకు తుడిచి, కుడి చెవిలో పెట్టుకున్నాడు. వైరును కాలరు కిందుగా వీపు మీదికి దించాడు.

ముప్పై ఏళ్ళు డోలు అతనికి అన్నం పెట్టింది. బదులుగా చెవులు తీసుకుంది. ఎడమది పూర్తిగా పోయింది, కుడిదానిలో పావు వంతు మిగిలింది. బేరం కుదిరిన రోజున డోలు ఈ సంగతి చెప్పలేదు. చెవి మిషను పెట్టుకుందామంటే అది జనం కంట పడుతుంది. చెవిటివాడి మేళాన్ని పెళ్ళికి ఎవరు పిలుస్తారు? నంద్యాలలో మైకుసెట్లు అద్దెకిచ్చే నవాజ్ ఈ జతను చూపించినప్పుడు సుబ్బరాయుడికి దారి దొరికింది.

"ఆర్కెస్ట్రావోళ్ళు పెట్టుకుంటారన్నా ఇది. స్టేజి మీద ఎంత గోలున్నా ఎవని గొంతు వాని చెవిలో పడతాది" అన్నాడు నవాజ్. నున్నగా గీసుకున్న మొహం కాబట్టి పెదవులు చూసి మాటంతా పట్టుకోగలిగాడు సుబ్బరాయుడు. మీసాలున్నవాళ్ళ మాట అతనికి సగమే అందుతుంది.

పేరున్న కంపెనీది కాదు, చైనా సరుకు. జనరేటరు దగ్గర గరగరమంటుంది. ముప్పై గజాలు దాటితే తెగిపోతుంది. అయినా ఎవరైనా "చెవిలో ఏందప్పా అది?" అని అడిగితే, "కొత్త మాడలప్పా, హైదరాబాదులో అందరూ పెట్టుకుంటాండారు" అని చెప్పుకోవచ్చు. మిషను పెడితే చెవుడు. ఇది పెడితే దర్జా. సుబ్బరాయుడికి తన గొంతు వినాలన్న మోజు ఎన్నడూ లేదు. అతనికి కావలసింది ఖాజా పీరు గొంతులోంచి ఒకే ఒక్క మాట.

అలాంటి మాట ఒకటి అందకనే రుద్రవరం ఊరి పెళ్ళిళ్ళు పోగొట్టుకున్నాడు. పురోహితుడు "గట్టిమేళం" అన్నప్పుడు సుబ్బరాయుడు పెళ్ళికొడుకు వైపు చూస్తున్నాడు. వినబడలేదు. సన్నాయి ఒక్కటే లేచింది. రెండో ముడి పడుతుండగా పందిట్లో ఎవరో తుమ్మారు. గట్టిమేళం ఉన్నదే అందుకు. ఆ ఘడియలో తుమ్ము, ఏడుపు, చెడ్డమాట ఏదీ ఎవరి చెవినా పడకుండా కప్పేయడానికి. ఆ రోజు తుమ్ము అందరికీ వినబడింది, సుబ్బరాయుడికి తప్ప. ఏడాది తిరక్కుండా ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసింది. కారణాలు వేరే ఉండవచ్చు. రుద్రవరం మాత్రం మళ్ళీ కబురు పెట్టలేదు. ఇక మిగిలింది ఆళ్ళగడ్డ. అక్కడ కూడా మాట పడితే డోలును అటక మీద పెట్టుకోవడమే.

అందుకే ఈ ఏర్పాటు. ఖాజా పీరు కండువా మడతలో మైకు. పురోహితుడు వేలెత్తగానే ఆయన సన్నాయి మీదనుంచి పెదవి తీసి "కానీ" అంటాడు. ఆ మాట సుబ్బరాయుడి చెవిలో పడుతుంది. రెండేళ్ళలో ఒక్క ముహూర్తం తప్పలేదు.

అయితే మైకుకు మాట ఏదో, ఊపిరి ఏదో తెలియదు. దొరికిందంతా మోసుకొస్తుంది. ఖాజా పీరు పీల్చే గాలి, మింగే ఉమ్మి, ఛాతీలో పిల్లికూతలు అన్నీ సుబ్బరాయుడి చెవిలోకే వచ్చేవి. ఆయన ఆలికి కూడా తెలియనంత దగ్గరగా ఆ ఊపిరి ఇతనికి తెలుసు. రెండు నెలలుగా దాని చివర కొత్త చప్పుడు ఒకటి చేరింది. ఖాళీ ఇంటి తలుపుకు గొళ్ళెం పడినట్టు చిన్నగా టిక్కుమనేది. సుబ్బరాయుడు దాన్ని గురించి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఖాజా పీరు సన్నాయి దించుతాడు. సన్నాయి దిగితే "కానీ" అనేవాడుండడు. ఆ మాట లేకపోతే డోలు లేదు. ఆయన ఇతని చెవుడును దాచాడు, ఇతను ఆయన ఊపిరిని దాచాడు. చెల్లుకు చెల్లు అనుకున్నాడు.

ఖాజా పీరు ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్య రహమత్‌బీ గడపలోనే నిలబడి ఉంది.

"రాత్రంతా గోడకానుకొని కూచున్యాడు సుబ్బన్నా. పండుకుంటే ఊపిరాడలేదంట. నేను చెప్తే ఇనడు. నువ్వన్నా చెప్పు."

పెదవులు చదివాడు. అర్థమైంది. అర్థం కానట్టు ఉండే వెసులుబాటు చెవిటివాడికి ఉంటుంది కానీ, ఆమె కళ్ళు అతన్ని ఆ పని చేయనివ్వలేదు.

"ఈ పొద్దు ఒక్కటి కానియ్యమ్మా. రేపు ఆస్పత్రికి నేనే తోల్కపోతా" అన్నాడు.

బస్సు శిరివెళ్ళ దాటేటప్పటికే ఎండ ముదిరింది. ఎడమ పక్కన నల్లమల బూడిద రంగులో కదలకుండా పడుంది. ఖాజా పీరు కిటికీ పక్కన కూర్చుని కండువాలోకి గొణిగాడు.

"ఆ కండక్టరు మీసాలు చూసినావా సుబ్బా? టికెట్టని అడిగినాడో, తిట్టినాడో నీకేం తెలుస్తాది. రెంటికీ నవ్వితివి."

సుబ్బరాయుడు ఒళ్ళో ఉన్న డోలు మీద చూపుడువేలితో రెండుసార్లు కొట్టాడు. నోర్ముయ్యి అని దానర్థం. ఆ పెట్టెల్లో మాట ఒక దిక్కే పోతుంది. జనంలో ఇతను గుట్టుగా జవాబివ్వాలంటే డోలు మీద వేలే.

ఖాజా పీరు నవ్వాడు. నవ్వు చివర టిక్కుమంది.

ఆళ్ళగడ్డ కల్యాణమండపంలో పెళ్ళికూతురి తండ్రి సంజీవయ్య ఎదురొచ్చాడు. పత్తి విత్తనాల వ్యాపారి. పై పెదవి కనిపించనంత మీసాలు. సుబ్బరాయుడి మొహంలో మొహం పెట్టి గట్టిగా ఏదో చెప్పాడు. ఒక్క ముక్క అందలేదు.

"అప్పగింతల దాకా ఉండాలంట. నడాన లేచిపోతే బాగుండదంటాండాడు" అంది చెవిలో గొంతు.

"ఉంటామప్పా, యాడికి పోతాం" అన్నాడు సుబ్బరాయుడు వెంటనే. సంజీవయ్య తలాడించి వెళ్ళిపోయాడు.

పది యాభైకి ముహూర్తం. సుబ్బరాయుడు కుడిచేతి వేళ్ళకు తొడుగులు బిగించి, ఎడమచేతిలో పుల్ల పట్టుకున్నాడు. పందిరి నిండా రంగు చీరలు, విసనకర్రలు. అతనికి అదంతా చప్పుడు లేని కదలిక. చెవిలో మాత్రం ఒకే మనిషి ఊపిరి. పొడుగ్గా లోపలికి, ఆగి, సన్నాయిలోకి. ఆగి, టిక్కు.

"కానీ" అన్నాడు ఖాజా పీరు.

డోలు విరుచుకుపడింది. అక్షింతలు లేచాయి. మొదటి ముడి. సన్నాయి పైకి పోయింది. రెండో ముడి పడుతుండగా చెవిలో ఊపిరి తెగింది. లోపలికి పీల్చిన గాలి బయటికి రాలేదు. గొళ్ళెం పడి, తీయబడలేదు. తర్వాత చిన్న మూలుగు, కుక్కపిల్ల మీద ఎవరో కాలు పెట్టినట్టు.

సుబ్బరాయుడు తల తిప్పి చూశాడు. ఖాజా పీరు సన్నాయిని పెదవులకు ఆనించే ఉన్నాడు. బుగ్గలు ఉబ్బలేదు. వేళ్ళు మాత్రం రంధ్రాల మీద కదులుతున్నాయి, జనం కోసం. సుబ్బరాయుడి చేతులు ఆగలేదు. ఆగితే రుద్రవరం. అతను ఇంకా గట్టిగా వాయించాడు. పుల్ల దెబ్బలు రెట్టించి, వేళ్ళతో వడగళ్ళు కురిపించి, సన్నాయి లేని జాగానంతా డోలుతో నింపేశాడు. పురోహితుడు చాలు అని చెయ్యి ఊపినా ఆపలేదు. చెవిలో గొళ్ళెం ఊడి, గాలి బొబ్బలాగా బయటపడిన తర్వాతే చేతులు దించాడు. ఆ మూలుగు పందిట్లో ఒక్క చెవినా పడలేదు. మండపంలో ఉన్న ఒకే ఒక్క చెవిటివాడు విన్నాడు.

పెళ్ళివారి మనిషి ఒకడు భుజం తట్టి మెచ్చుకుంటున్నాడు. "అదరగొట్టినావప్పా" అన్నట్టుంది.

వంటశాల పక్క గదిలో బియ్యపు బస్తాలున్నాయి. ఖాజా పీరును అక్కడికి నడిపించాడు. పై పెదవి మీద చెమట ముత్యాల్లాగా నిలబడింది. గోళ్ళు నేరేడు రంగుకు తిరిగాయి.

"డాక్టరు కాడికి పోదాం పా ఖాజన్నా."

"అప్పగింతలుండాయి గదా. ఉంటామని నువ్వే అంటివి. అవి కానీ, పోదాం." బస్తాకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. "రోంతసేపు ఒరుగుతా. మైకు తీయొద్దు, అట్లే ఉండనీ. కావాలంటే పిలుస్తా. నువ్వు పోయి తిని రా."

"పిలుస్తావా?"

"నీ చెవిలోనే ఉండాగదప్పా నేను. యాడికి పోతా."

భోజనాల బంతి ఆ గదికి ఇరవై గజాల్లోనే ఉంది. వడ్డించే రాము విస్తట్లో పూర్ణం ఓలిగ వేసి నెయ్యి పోశాడు. చెవిలో ఊపిరి నెమ్మదిగా, సమంగా నడుస్తోంది. సుబ్బరాయుడు ఓలిగ తుంచాడు. అప్పుడే చెవిలో గరగర మొదలైంది. జనరేటరా, సెల్లు దిగిపోతోందా? జనరేటరు ఆగే ఉంది. అయితే సెల్లే.

అతను నమలడం ఆపి లెక్క వేశాడు. అప్పగింతలకు ఇంకా అరగంట ఉంది. అక్కడ సెల్లు చచ్చిపోతే సంజీవయ్య మీసాల ముందు, అంతమంది జనం మధ్య తాను వట్టి చెవిటివాడు. ఊపిరి చూస్తే నిమ్మళంగా ఉంది. ఒక భోజనం సేపు, అంతే. ఆకు మీద అన్నం, పులుసు, మజ్జిగ. పావుగంట పొదుపు.

బొటనవేలితో నడుము దగ్గరి మీట నొక్కాడు. లోకం మూసుకుంది.

ఓలిగ బాగుంది. రాము ఇంకొకటి వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ తీశాడు. మజ్జిగ దాకా తిని, చెయ్యి కడుక్కుని గది వైపు నడిచాడు.

గది వాకిట్లో కుళాయి కింద మల్లీశ్వరి గిన్నెలు తోముతోంది. అతన్ని చూసి నుదుటి మీద వెంట్రుకలను మోచేత్తో తోసుకుంది. పెదవులు స్పష్టంగా కదిలాయి.

"బేగా వస్తావనుకొంటి అన్నా. ఆయప్ప నిన్ను మూడుసార్లు పిలిచె."

"ఎవరిని?"

"నిన్నే. సుబ్బా, సుబ్బా అని తువ్వాలతోనే మాట్లాడతాండె. నేను పోయి పిల్చకరానా అంటే, వద్దులేమ్మా, ఇంటాండాడు అన్యాడు. అదేందో మిషను ఉండాదంట గదా మీకు. ఇంటాండావేమో అనుకొంటి."

సుబ్బరాయుడు లోపలికి వెళ్ళాడు. ఖాజా పీరు బస్తాకు ఆనుకునే ఉన్నాడు. గడ్డం ఛాతీ మీదికి వాలింది. కుడిచెయ్యి కండువా మడతను నోటికి దగ్గరగా పట్టుకుని అలాగే ఆగిపోయింది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. వేలికి ఏమీ తగల్లేదు.

అతని బొటనవేలు తనంతట తానే నడుము దగ్గరికి పోయింది. మీట నొక్కాడు. సగం సెల్లు ఇంకా బాగానే పలుకుతోంది. గరగర కూడా లేదు. అంటే అది సెల్లుది కాదు. చెవి నిండా ఇసుక రాలుతున్నట్టు సన్నని హోరు, దాని కింద ఏమీ లేదు.

"ఖాజన్నా" అన్నాడు.

ఆ మాట చచ్చినవాడి ఛాతీ మీది మైకులోకి పోయి, తిరిగి తన చెవిలోకే వచ్చింది. బొంగురుగా, ముసలిగా, ఎవరిదో తెలియని గొంతు. ఖాజా పీరు ఊపిరి అడ్డం లేకుండా అతను తన గొంతు వినడం అదే మొదటిసారి. మళ్ళీ పిలవడానికి భయమేసింది.

వాకిలి అవతల నుంచి సంజీవయ్య కేక కూడా ఖాజా పీరు ఛాతీ దారినే వచ్చింది. "మేళగాళ్ళు యాడప్పా? అప్పగింతలకు పిల్ల లేస్తాంది."

కండువా కింద, నడుము దగ్గర పంపే పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. పొద్దున నాలుకకు చురుక్కుమన్న గట్టి సెల్లు అది. ఇంకో ముహూర్తానికి వస్తుంది.